తెల్ల దారం

మాలకొండయ్య హార్లిక్స్ సీసా పట్టుకొచ్చేటప్పటికి
నేను పాకల చెరువుల రొయ్యల్ని కోసి చూసి
చేతులు కడుక్కుంటున్నాను.
"మేస్త్రికి బాగాలేదు మేడమ్" అన్నాడు.
మనిషనుకున్నా.
సీసాలో నీళ్ళు, నీళ్ళలో
తెగిన జంధ్యప్పోగంత తెల్ల దారం.

సింగరాయకొండ స్టేషన్ రోడ్డులో ఆయన సెలూను.
అద్దానికీ కుర్చీకీ మధ్య గాజుతొట్టి,
తొట్టిలో జానెడు ఆస్కార్ చేప,
బూడిద కింద నిప్పు కనపడ్డట్టు ఒళ్ళు.
గులకరాళ్ళు నోటితో ఎత్తి
ఈ మూలవి ఆ మూలకి మోస్తాడని
మేస్త్రి అని పేరు.
గడ్డం గీయించుకునే ప్రతివాడూ ఏదో ఒకటి వేస్తాడు.
బూందీ పలుకు, కోడి తోలు,
ఒకసారి మిరపకాయ బజ్జీ ముక్క.
"తింటాడు గదా అని..."

తింటాడు. అదే వాడి జబ్బు.

రంగు నల్లబడిందా?
మూలకి పోయి తల కిందికేసి నిలబడుతున్నాడా?
మేత నోట్లోకి తీసుకుని, నమిలినట్టే నమిలి
ఉమ్మేస్తున్నాడా?
నుదుటి మీద సూదితో పొడిచినట్టు గుంటలు?
"రెండుండాయి మేడమ్. అమ్మవారు పోసిందేమో అనుకున్నా."
పొలుసులు నిక్కపొడుచుకున్నాయా అని
అడగడానికి భయమేసింది.
"లేదు, నున్నగానే ఉండాడు."
అయితే ఇంకా టైముంది.

మైక్రోస్కోపు కింద దారం పరిచాను.
మేత ఆనవాలు లేదు.
పేగు తన పొరని తనే వదిలేసుకుంటోంది.
ఆ ఖాళీలో కంటికానని ప్రాణులు
వేడి పెనం మీద నీటిబొట్లలా
ఉరుకుతున్నాయి.

ఈ తెల్లదనం నాకు కొత్త కాదు.
చెక్ ట్రే మీద తెల్ల దారాలు తేలితే
రైతు ఒకటే అడుగుతాడు,
"కౌంట్ ఎంతుంది?"
నేనూ ఒకటే రాస్తాను: వెంటనే పట్టుబడి.
మూడు లక్షల ప్రాణాలకి రెండు మాటలు,
కింద నా సంతకం.
ఏడేళ్ళుగా.
"బతుకుద్దా?" అని అడిగినవాడు
మాలకొండయ్య ఒక్కడే.

చీటీ మీద చెయ్యి ఆగింది.
అలవాటు లేని రాత.

వేరే టబ్బు, ఎనభై లీటర్లు.
ఇరవై లీటర్లకి చెంచా చొప్పున భేది ఉప్పు.
మెట్రోనిడజోల్, మనం విరేచనాలకి మింగేదే,
రెండొందల యాభైవి, రెండు బిళ్ళలు మెత్తగా నూరి.
ఫిల్టర్లో బొగ్గుంటే తీసెయ్, మందుని అదే తాగేస్తుంది.
రోజు విడిచి రోజు మూడోవంతు నీళ్ళు మార్చి
మార్చిన నీళ్ళకే మళ్ళీ మందు.
వేడి మాత్రం పెంచక్కర్లేదు,
ఆ పని మన మే నెల చూసుకుంటుంది.

"మరి మేత?"
మూడు రోజులు ఏమీ వద్దు.
మొహంలో మొహం లేదు.
కాసేపటికి తనే అన్నాడు,
"మా నాయన కత్తెర సంచిలో మందు పొట్లాలు గూడా పెట్టుకునేవాడు.
ఎవురొచ్చినా ముందు లంఘనమే పెట్టేవాడు.
పొట్లం ఇప్పింది తక్కువ."

మర్నాడు అటుగా పోతూ చూశాను.
అద్దం మీద "అరువు అడగరాదు" కింద
కొత్త అట్టముక్క:
"మేస్త్రి లంఘనంలో ఉన్నాడు. దయచేసి చూడండి, వేయకండి."
గడ్డానికి నురగ పూసుకున్న పెద్దాయన
టబ్బు వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు,
అద్దంలో తనని తాను చూసుకోకుండా.

నాలుగో రోజు
తొక్క తీసిన పచ్చి బఠాణీ, వెల్లుల్లి రసంలో ముంచి.
ఉమ్మేశాడట.
ఐదో రోజు సగం మింగాడట.

ఆరో రోజు ఫోను.
వెనకాల రైలు కూత, ఎవరివో అరుపులు, వాటన్నిటి మీద ఆయన:
"వేశాడు మేడమ్! నల్లగా! గట్టిగా!"
గుంటలు ఇంకా పూడలేదట.
రాళ్ళు మాత్రం మోస్తున్నాడట.

ఎదురుగా ఊళ్ళపాలెం రైతు,
చేతిలో కారుతున్న తడి సంచి.
నేనెందుకు నవ్వుతున్నానో తెలీక
తనూ కొంచెం నవ్వి
ఆపేశాడు.